లార్డు గారి కోట, నా చిట్టా పద్దులు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండులో వారసత్వ ప్రభువుల, అంటే వంశపారంపర్యంగా బిరుదు వచ్చే లార్డుల, ఎస్టేట్లకు పద్దులు చూడటం నా ఉద్యోగం. ఆ మాట చెప్పగానే మనవాళ్లకు జమీందారు, దివాణం, శిస్తు గుర్తుకొస్తాయి. అక్కడి నుంచే మొదలవుతాయి అపోహలన్నీ.

అపోహ: బిరుదు వస్తే భూమీ వస్తుంది.

వాస్తవం: రెండింటి దారులూ వేరు. బిరుదు దాన్ని ఇస్తూ రాజు జారీ చేసిన పత్రంలో రాసినట్లు, ఎక్కువగా మగ సంతానానికే పోతుంది. దత్తపుత్రుడికి అసలే రాదు. భూమి మాత్రం వీలునామానో ట్రస్టు దస్తావేజునో అనుసరిస్తుంది. అందుకే సెంటు భూమి లేని లార్డులూ ఉన్నారు. 1919లో వారసత్వ ప్రభువైన బెంగాలీ సత్యేంద్ర ప్రసన్న సిన్హాకు ఆ హోదా తెచ్చింది న్యాయవాద వృత్తి, ప్రభుత్వ పదవులే.

అపోహ: ప్రభువుల సభలో, అంటే బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభలో, సీటు ఖాయం.

వాస్తవం: ఆ హక్కును 1999 చట్టం తీసేసింది. అప్పటికి 92 మందిని మాత్రం ఉండనిచ్చారు.

అపోహ: సొంత కోట, ఇష్టం వచ్చినట్లు మార్చుకోవచ్చు.

వాస్తవం: రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న ఇంట్లో అనుమతి లేకుండా మార్పులు చేస్తే క్రిమినల్ కేసే. ఇక పైకప్పు సంగతి. సీసపు రేకులు ఎండకు సాగి, చలికి ముడుచుకుని, ఏళ్ల తరబడి అలా జరిగి జరిగి చిట్లుతాయి. నీటి కాలువలో ఆకులు అడ్డుపడితే వాన నీరు గోడల్లోకి దిగుతుంది. అటకలో గబ్బిలాలు కాపురం పెడితే, అవి లేని కాలంలోనైనా ఆ చోటును పాడుచేయకూడదు. అన్నీ దాటి పని మొదలుపెడితే మరమ్మతు మీద 20 శాతం వ్యాట్. కొత్త ఇల్లు కట్టేవాడికి మాత్రం సున్నా! టికెట్టు పెట్టి చూపించే గదుల వాటా పన్నును రాబట్టుకోవచ్చు, కుటుంబం పడుకునే గదులది రాదు. అందుకే ఒకే పైకప్పు బిల్లును గదుల లెక్కన పంచుతూ కూర్చుంటాను. ఈ ఉద్యోగంలో నాకు నచ్చని పని ఇదే.

అపోహ: పెద్దవాళ్లకు పన్నులు ఉండవు.

వాస్తవం: 1950లో పదో డెవన్‌షైర్ డ్యూకు చనిపోయినప్పుడు వారసత్వ పన్ను రేటు 80 శాతం. ఆస్తి బదిలీ చేశాక దాత ఐదేళ్లు బతికితే ఆ పన్ను తప్పేది. గడువు ఇంకా కొద్ది వారాలే ఉండగా ఆయన కన్నుమూశారు. దాంతో హార్డ్‌విక్ హాల్ భవనం పన్ను కింద ప్రభుత్వానికి పోయింది. ఆ తర్వాత అది చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. ఇప్పుడు రేటు 40 శాతం, గడువు ఏడేళ్లు. చారిత్రక భవనాలకు, చిత్రాలకు మినహాయింపు ఉంది కానీ వాటిని చక్కగా కాపాడాలి, జనాన్ని చూడనివ్వాలి. అమ్మితే ఆ పన్ను మళ్లీ మీద పడుతుంది. సాగుభూమికి ఇన్నాళ్లూ దొరికిన పూర్తి మినహాయింపునకు 2026 ఏప్రిల్ నుంచి పరిమితి పెట్టారు. తండ్రి ఆరోగ్యంగా ఉండగానే కొడుకు పేరిట రాయించాలా అన్న చర్చ ఇప్పుడు ప్రతి ఎస్టేటు ఆఫీసులోనూ నడుస్తోంది. తండ్రులకే అది అంతగా రుచించడం లేదు.