ఎమ్‌జీబీ హీటర్: పెట్టె విప్పే ముందు పైపులు పట్టుకుని చూడండి

ఎమ్‌జీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా ఇంగ్లాండులోని ఆబింగ్డన్‌లో తయారైంది. ఇంజిన్ బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్, అంటే మన పాత అంబాసిడర్ ఇంజిన్ కుటుంబమే. అంబాసిడర్ మీద చేయి తిరిగినవాళ్లకు ఇందులో చాలా సంగతులు తెలిసినట్టే ఉంటాయి.

అపోహ: వేడి గాలి రాకపోతే హీటర్ పోయినట్టే.

వాస్తవం: ఇంజిన్ బాగా వేడెక్కాక, హీటర్ లివర్ పూర్తిగా వేడి వైపు పెట్టి, హీటర్‌కు వెళ్లే రెండు రబ్బరు పైపులనూ జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ చల్లగా ఉంటే తప్పు హీటర్‌ది కాదు: లివర్ కేబుల్ జారి ఉంటుంది, లేదా సిలిండర్ హెడ్ వెనుక ఉన్న, హీటర్‌కు వేడి నీళ్లు వదిలే వాల్వ్ మూసుకుపోయి ఉంటుంది. ఆ వాల్వ్ విప్పితే హెడ్‌లోని రంధ్రం తుప్పు బురదతో గట్టిగా పూడిపోయి కనిపించడం మామూలే. తీగతో పొడిచి శుభ్రం చేసి, కొత్త గాస్కెట్‌తో బిగించండి. ఒకటి వేడిగా, ఒకటి గోరువెచ్చగా ఉంటే కోర్ (హీటర్ పెట్టెలో ఉండే చిన్న రేడియేటర్) పూడుకుంది, లేదా లోపల గాలి చిక్కింది. రెండూ కాలుతున్నా గాలి చల్లగానే వస్తుంటే పెట్టెలోని ఫోమ్ పోయింది.

ఈ ఫోమ్ సంగతి చాలామంది పట్టించుకోరు. కోర్ చుట్టూ ఉన్న పట్టీ ఏళ్లు గడిచేసరికి వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు గాలి వేడి రెక్కల గుండా పోకుండా పక్క సందుల్లోంచి జారిపోతుంది. కొత్త కోర్ వేసి పాత ఫోమ్ ఉంచితే పని మొత్తం వృథా.

అపోహ: థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) తీసేస్తే ఇంజిన్‌కు మంచిది.

వాస్తవం: తీసేస్తే నీళ్లు వేడెక్కవు, హీటరూ పనిచేయదు. 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకునేది వేయండి.

అపోహ: కార్పెట్ తడిస్తే కోర్ కారుతున్నట్టే.

వాస్తవం: తడిని వేళ్లతో రుద్ది చూడండి. జిడ్డుగా, రంగుతో, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. మామూలు నీళ్లైతే, అద్దం ముందున్న గాలి జాలీ కింది డ్రెయిన్ గొట్టం ఆకులతో మూసుకుంది. దాన్ని శుభ్రం చేస్తే చాలు.

అపోహ: చిన్న లీకుకు రేడియేటర్‌లో పసుపు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: పసుపైనా, లీక్ ఆపే పొడైనా ముందు పూడ్చేది కోర్‌లోని సన్నని గొట్టాలనే. రాగి, ఇత్తడి కోర్‌ను మంచి రేడియేటర్ షాపులో శుభ్రం చేసి, టంకం పెట్టి, ప్రెషర్ పరీక్ష చేస్తారు. పాతది బాగుపడేలా ఉంటే మా ఓటు దానికే.

అపోహ: మోటారు వైర్లు ఎటు కలిపినా ఒకటే.

వాస్తవం: తొలి బండ్లు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది), 1967 చివర్లో వచ్చిన మార్క్ 2 మోడల్ నుంచి నెగటివ్ ఎర్త్. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారుకు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది, గాలి సరిగా రాదు.

పెట్టె తీయక తప్పదనుకుంటే ముందు బ్యాటరీ విప్పి, ఇంజిన్ చల్లారాక కూలెంట్ దించండి. మొండికేసిన పైపును మెలితిప్పి లాగొద్దు, కోర్ మూతి దగ్గర టంకం ఊడుతుంది; కత్తితో నిలువుగా చీల్చండి. మోటారు వైర్లు, గాలి తలుపు కేబుల్ తీసి, కారు లోపలి నుంచి అద్దానికి గాలి పంపే గొట్టాలు ఊడదీసి, అప్పుడు చుట్టూ స్క్రూలు విప్పండి. పెట్టె అడుగున రబ్బరు అతుక్కుని ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే రేకు వంగుతుంది. అటూ ఇటూ ఊపుతూ పైకి లేపండి.

తిరిగి బిగించాక వాల్వ్ తెరిచి ఉంచే కూలెంట్ నింపండి. మొత్తం ఆరు లీటర్లకు కాస్త తక్కువ పడుతుంది: సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్. దించిన పాత కూలెంట్‌ను మూత పెట్టి దాచండి, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగి చనిపోతాయి. హీటర్ నుంచి తిరిగొచ్చే పైపు క్లిప్ వదులు చేసి, బుడగలు ఆగి ధార వచ్చాక బిగించండి. ఇంజిన్ వేడెక్కించి, పూర్తిగా చల్లారాక రేడియేటర్ క్యాప్ తీసి, తగ్గినంత పోయండి.