కంపెనీ పేరు పోయినా నంబరు పోదు

2011 అక్టోబరులో ఇంటర్నెట్ ట్రాఫిక్ మోసే లెవెల్ 3 కంపెనీ, అలాంటిదే అయిన గ్లోబల్ క్రాసింగ్‌ను కొనేసింది. బోర్డులు, బిల్లుల మీద పేర్లు తొందరగానే మారాయి. ఇంటర్నెట్‌లో ఆ కంపెనీ నెట్‌వర్క్‌ను గుర్తించే నంబరు మాత్రం అంత తేలిగ్గా కదల్లేదు. లెవెల్ 3ది 3356, గ్లోబల్ క్రాసింగ్‌ది 3549. కొనుగోలు జరిగి ఏళ్లు గడిచినా రూటింగ్ పట్టికల్లో (ఏ అడ్రసుకు ఏ దారో రౌటర్లు రాసుకునే జాబితాల్లో) 3549 కనిపిస్తూనే ఉంది. యూయూనెట్ అనే పాత ఇంటర్నెట్ కంపెనీ కాలం నాటి 701 అయితే చేతులు మారి మారి వెరైజాన్ దగ్గరకు చేరింది, నంబరు మాత్రం అదే. చూసేవాళ్లకు ఇది బద్ధకంలా అనిపించవచ్చు. అసలు సంగతి వేరు: ఆ నంబరు సొంత రౌటర్లలోనే కాదు, ఎదుటివాళ్ల రౌటర్లలోనూ రాసి ఉంటుంది.

ఈ చిక్కు పునాదుల్లోనే ఉంది. ఒక సంస్థ నడిపే నెట్‌వర్క్ మొత్తాన్ని ఒకే యూనిట్‌గా చూసి, దానికో నంబరు ఇవ్వాలన్న ఆలోచన 1982 నాటిది. దాన్నే అటానమస్ సిస్టమ్, పొట్టిగా ఏఎస్ అంటారు. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ సమావేశం జరిగినప్పుడు, భోజనాల దగ్గర కర్క్ లాహీడ్, యాకోవ్ రెఖ్టర్ న్యాప్‌కిన్ల మీద గీసిన ప్రోటోకాలే బీజీపీ, అంటే ఏ అడ్రసుకు ఏ దారిన వెళ్లాలో నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి. ఇందులో పక్కపక్క రౌటర్లు మాట కలపగానే ఒకదానికొకటి తమ ఏఎస్ నంబరు చెప్పుకుంటాయి. ముందే రాసిపెట్టిన నంబరుతో అది సరిపోలకపోతే ‘బ్యాడ్ పీర్ ఏఎస్’ అని సెషన్, అంటే ఆ రెండింటి మధ్య సంబంధం, తెగిపోతుంది. నంబరున్న కంపెనీని రేపు ఇంకెవరో కొంటారేమోనన్న ఆలోచన అప్పటి డిజైన్‌లో లేదు. అది వాళ్ల తప్పని నేననను.

దీంతో నంబరు మార్చాలంటే రెండువైపులా ఒకేసారి మార్చాలి. అర్ధరాత్రి రెండింటికి ఇటు ఇంజనీరు ఒక లైను మారుస్తాడు, ఫోన్లో ఉన్న అటు ఇంజనీరు ఇంకో లైను మార్చాలి. అటు ఫోను ఎత్తకపోతే సెషన్ ‘ఐడిల్’లోనే పడి ఉంటుంది. స్క్రీన్ మీద ‘ఎస్టాబ్లిష్డ్’ కనబడేదాకా టెన్షనే. ఒక్క కస్టమరైతే సరే, వేలమంది ఉంటే? అందులో కొందరి రౌటర్‌ను సెట్ చేసిన మనిషి ఎప్పుడో ఉద్యోగం మానేసి ఉంటాడు.

అందుకే రౌటర్ కంపెనీలు ‘లోకల్ ఏఎస్’ అనే వేషం కనిపెట్టాయి. లోపల కొత్త నంబరు, ఆ కస్టమర్‌కు మాత్రం పాత నంబరు. అటువైపు ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. కానీ మామూలుగా వదిలేస్తే, దాటే ఏఎస్ నంబర్ల వరుసగా రాసే దారిలో పాత, కొత్త నంబర్లు రెండూ చేరతాయి. పాతది 64501, కొత్తది 64502 అనుకుంటే, నిన్నటిదాకా ‘64501, కస్టమర్’ అని ఉన్న దారి నేడు ‘64502, 64501, కస్టమర్’ అవుతుంది. మిగతావన్నీ సమానమైతే బీజీపీ పొట్టి దారినే ఎంచుకుంటుంది కాబట్టి, ఆ కస్టమర్‌కు రెండో ప్రొవైడర్ ఉంటే ట్రాఫిక్ అటు జారిపోతుంది. వాడకాన్ని బట్టి బిల్లు వేసే చోట అది నేరుగా ఆదాయానికే గండి. దాన్ని ఆపడానికి, వచ్చే దారిలో పాత నంబరు చేరకుండా ‘నో ప్రిపెండ్’, కస్టమర్‌కు వెళ్లే దారిలో కొత్తది కనబడకుండా ‘రీప్లేస్ ఏఎస్’ వచ్చాయి. లోపలి రౌటర్లను ఒక్కొక్కటిగా మార్చుకునేందుకు, పొరుగు రౌటర్ పాత, కొత్త నంబర్లలో దేనితో వచ్చినా ఒప్పుకునే ఏర్పాటూ చేశారు.

విచిత్రమేమిటంటే, ఇంతమంది ఆధారపడ్డ ఈ చిట్కాలు చాలాకాలం ఏ ప్రమాణంలోనూ లేవు. ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు చేసుకుంది. 2015 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7705 (ఐఈటీఎఫ్ ప్రచురించే పత్రాల్ని ఆర్‌ఎఫ్‌సీలంటారు) వాటిని ఒకచోట రాసిపెట్టింది.

ఈలోగా భద్రత పేరుతో ఇంకో చిక్కు వచ్చింది. ఏ ఇంటర్నెట్ అడ్రసుల్ని ఏ ఏఎస్ తనవిగా ప్రకటించవచ్చో చెప్పే ఆర్‌ఓఏ పత్రాలు ఇప్పుడు చాలా నెట్‌వర్క్‌లు చూస్తున్నాయి. కొనేసిన కంపెనీ సొంత అడ్రసుల్ని కొత్త నంబరు కిందికి తేవాలంటే ఆ నంబరు పేర ఆర్‌ఓఏ ముందే సిద్ధంగా ఉండాలి. పాతది వెంటనే తీసేయకూడదు, రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. ఈ వరస తప్పితే ఆ రూట్లు చెల్లనివని అవతలివాళ్లు పారేస్తారు.

దారిలో ప్రతి అడుగుకూ డిజిటల్ సంతకం అడిగే బీజీపీసెక్ అనే భద్రతా పద్ధతితో పేచీ ఇంకా పెద్దది. నంబరు దాచడమే లోకల్ ఏఎస్ పని, దాచింది పట్టుకోవడమే సంతకం పని. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8206 మధ్యేమార్గం చూపింది: రెండు నంబర్లూ సంతకాల్లో ఉంటాయి, కానీ దారి పొడవు లెక్కలో ఒకదాన్ని సున్నాగా వేస్తారు.