యూజర్ మారింది ఒక్క థ్రెడ్‌కేనా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో నా దగ్గర లినక్స్ నేర్చుకునే పిల్లలు తరచూ తడబడే చోటు ఇది: నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) తన యూజర్‌ని మార్చుకుంటే, దాని లోపల పక్కపక్కనే నడిచే థ్రెడ్లన్నిటికీ మారుతుందా? వాళ్లు నమ్మేవి ఒక్కొక్కటే చెబుతాను.

అపోహ: యూజర్‌ని మార్చే సెట్‌యూఐడీ కాల్ పిలిస్తే, సిస్టమ్‌ని నడిపే కెర్నల్ ప్రాసెస్ మొత్తానికీ యూజర్‌ని మార్చేస్తుంది.

లినక్స్ కెర్నల్‌లో యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ, కేపబిలిటీలు (సర్వాధికారి అయిన రూట్ యూజర్ అధికారంలోని ముక్కలు) ఏ థ్రెడ్‌కి ఆ థ్రెడ్‌వే. ప్రాసెస్ అంతా ఒకేసారి మారాలనేది పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) నియమం. ఈ రెంటినీ కలిపేది జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ. అది మిగతా థ్రెడ్లన్నిటికీ 33వ నంబరు సిగ్నల్ పంపి, ప్రతిదాని చేతా అదే కాల్ చేయిస్తుంది. పిలిచిన థ్రెడ్ తన వంతు చివర్లో చేసుకుంటుంది, ఎందుకంటే ముందే రూట్ అధికారం వదిలేస్తే మిగతావాటికి సిగ్నల్ పంపే అనుమతి ఉండకపోవచ్చు. ఏ ఒక్క థ్రెడ్‌లో ఫలితం తేడా వచ్చినా ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. ఇది మరీ కఠినమని కొందరంటారు. నాకైతే ఇదే సరైన పని. సగం రూట్‌గా, సగం మామూలు యూజర్‌గా నడిచే సర్వర్ కంటే ఆగిపోయిన సర్వర్ నయం.

అపోహ: లైబ్రరీ ఎందుకు, నేరుగా కెర్నల్‌నే అడిగే సిస్టమ్ కాల్ చేసినా అంతే.

కాదు, నేరుగా చేస్తే పిలిచిన థ్రెడ్ ఒక్కటే మారుతుంది. మన ఏడు రోడ్ల జంక్షన్‌లో ఒక్క రోడ్డుకి బారికేడ్ పెడితే మిగతా ఆరూ ఆగవు. ఒకసారి నేను చూసిన సర్వర్ రూట్‌గా 443 పోర్టు తెరిచి, లాగ్ థ్రెడ్ మొదలుపెట్టి, ఆ తర్వాత నేరుగా కాల్ చేసి అధికారం వదిలింది. రోజూ కొత్త లాగ్ ఫైల్ రూట్ పేరు మీదే పుట్టేది. ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్‌లో చూస్తే మామూలు యూజరే. రెండు రోజులు ఒకటే టెన్షన్. ప్రాసెస్ స్టేటస్ ఫైల్‌లో కనిపించేది మెయిన్ థ్రెడ్ సంగతే. కెర్నల్ ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద టాస్క్ ఫోల్డర్ ఉంటుంది. అందులో ప్రతి థ్రెడ్ స్టేటస్ తెరిచి యూఐడీ వరుస చూడాలి. నాకు దొంగ దొరికింది అక్కడే.

అపోహ: జీలిబ్‌సీ అన్నీ చూసుకుంటుంది.

కేపబిలిటీలు మార్చే క్యాప్‌సెట్, ఇతర సెట్టింగులు మార్చే పీఆర్‌సీటీఎల్ కాల్స్‌ను చూసుకోదు. వాటికి కేపబిలిటీల లైబ్రరీ లిబ్‌క్యాప్‌తో వచ్చే లిబ్‌పీఎస్‌ఎక్స్ వాడాలి. ఏ సిస్టమ్ కాల్స్ చేయవచ్చో కట్టడి చేసే సెక్‌కాంప్ ఫిల్టర్‌కి మాత్రం కెర్నలే దారి ఇచ్చింది: కెర్నల్ 3.17 వెర్షన్ నుంచి, అన్ని థ్రెడ్లకీ ఒకేసారి ఫిల్టర్ పెట్టే టీసింక్ ఫ్లాగ్ ఉంది. ఏ థ్రెడ్ కుదరకపోయినా దేనికీ ఫిల్టర్ పెట్టదు, కుదరని థ్రెడ్ నంబరు చెబుతుంది.

అపోహ: గో భాషలో ఈ గొడవ లేదు.

అక్కడ ఇంకా ఎక్కువ, గోలో పక్కపక్కనే నడిచే పని అయిన గోరొటీన్ ఏ క్షణాన ఏ థ్రెడ్ మీద ఉంటుందో తెలియదు. 2021లో వచ్చిన గో 1.16లో, అన్ని థ్రెడ్ల చేతా ఒకే కాల్ చేయించే ఆల్‌థ్రెడ్స్‌సిస్‌కాల్ చేర్చారు. గోలో సీ కోడ్‌ని కలిపే సీగో వాడిన ప్రోగ్రామ్‌లో అది పనిచేయదు, ఎర్రర్ ఇస్తుంది.

అలాగని అన్నీ థ్రెడ్‌కొకటి అనుకోవద్దు. పీథ్రెడ్ లైబ్రరీతో పుట్టిన థ్రెడ్లకు తెరిచిన ఫైళ్లు, కరెంట్ డైరెక్టరీ ఉమ్మడే.

కుదిరినప్పుడల్లా మొదటి థ్రెడ్ పుట్టకముందే అధికారం వదిలేయండి. ఆ తర్వాత పుట్టే థ్రెడ్లు ఆ యూజర్‌తోనే పుడతాయి.