అమెరికా పెత్తనం తగ్గించుకుంటే చిత్తూరు పల్ప్‌కేంటి? అపోహలు - వాస్తవాలు

తోతాపురి మామిడి సీజన్‌లో పల్ప్ (మామిడి గుజ్జు) ఫ్యాక్టరీల దగ్గర కాయ ధరతో పాటు అమెరికా మాటా నడుస్తుంది. ఎగుమతి కాగితాలు చూసేవాళ్లం కాబట్టి మా చెవిన ఎక్కువగా పడేవి ఇవి.

అపోహ: మన సరుకు సౌదీకి, యూరప్‌కి. అమెరికా ఉంటే ఎంత, పోతే ఎంత?

వాస్తవం: 215 కిలోల డ్రమ్ములు 80 ఎక్కించిన ఇరవై అడుగుల కంటైనర్ చెన్నై నుంచి నేరుగా సౌదీ రేవు జెడ్డా చేరాలంటే ఎర్ర సముద్రం ముఖద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి దాటాలి. 2023 నవంబరులో యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు అక్కడ ఓడల మీద పడ్డారు. డిసెంబరులో అమెరికా ముందు నిలిచి నౌకాదళ కాపలా పెట్టింది. 2024 ఫిబ్రవరిలో యూరప్ వేరే కాపలా పెట్టుకుంది. అయినా పెద్ద కంపెనీలు ఓడల్ని ఆఫ్రికా చుట్టూ తిప్పాయి, యూరప్‌కి 10 నుంచి 14 రోజులు ఆలస్యం. కాబట్టి పెద్దన్న ఉన్నా పూచీ లేదు. కదలని డ్రమ్ములు గోడౌన్‌లో ఉండిపోతే మరుసటి ఏడు కాయ కొనేవాడు వెనకాడతాడు. 2025లో కాయ కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని లెక్క కట్టాల్సి వచ్చినప్పుడు పాత స్టాకు మాట గట్టిగానే వినబడింది.

అపోహ: ఓడ సరుకు బీమాల్లో అన్నిటికంటే విస్తృతమైన 'ఏ' క్లాజు ఇన్సూరెన్స్ ఉంటే యుద్ధం వచ్చినా భయం లేదు.

వాస్తవం: అందులో యుద్ధం, సమ్మెలు ఉండవు. ఆ రెండు క్లాజులూ విడిగా రాయించుకోవాలి. యుద్ధం కవరు సరుకు సముద్రం మీద ఉన్నంతవరకే, గోడౌన్‌లో కాదు. ఏడు రోజుల నోటీసుతో కంపెనీ రద్దు చేయొచ్చు. ఆలస్యం వల్ల వచ్చే నష్టం ఎందులోనూ రాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అపోహ: సౌదీ కరెన్సీ రియాల్‌లో బిల్లు వేస్తే డాలర్ బెడద వదిలినట్టే.

వాస్తవం: 1986 నుంచి డాలర్‌కు 3.75 రియాల్ అని కట్టేశారు. పేరే రియాల్, ఊగేది డాలర్‌తోనే.

అపోహ: పెద్ద దేశం తప్పుకుంటే పక్కనున్నవాళ్లు సర్దుకుంటారు.

వాస్తవం: సూయెజ్‌కు తూర్పున ఉన్న బలగాలను 1971 చివరికల్లా తీసేస్తామని బ్రిటన్ 1968 జనవరిలోనే చెప్పింది. అంత గడువిచ్చినా, 1971 నవంబరు 30న ఇరాన్ పర్షియన్ గల్ఫ్‌లోని అబూ మూసాలో, తుంబ్ దీవుల్లో సేనలు దించింది. రెండు రోజులకు యూఏఈ పుట్టింది. ఆ దీవుల తగవు నేటికీ తెగలేదు. గడువు లేకుండా లేచిపోతే ఇంకెంతో ఊహించుకోండి.

అపోహ: విదేశాలకిచ్చే సాయమే అమెరికా ఖజానాను తినేస్తోంది.

వాస్తవం: 2023లో అది వాళ్ల బడ్జెట్‌లో ఇంచుమించు ఒక్క శాతమే.

అపోహ: వెనక్కి తగ్గడమంటే అన్నిటినుంచీ ఒకేసారి తప్పుకోవడం.

వాస్తవం: సైన్యం, డాలర్, నియమాలు మూడూ వేర్వేరు. మమ్మల్నడిగితే సైన్యం తగ్గించుకోవచ్చు, కాకపోతే గడువిచ్చి. పంచాయితీ చెప్పే కుర్చీ మాత్రం ఖాళీ చేయకూడదు. జరుగుతున్నది తలకిందులు. అప్పీళ్లు వినే సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి దేశాల మధ్య వాణిజ్య తగవులు తీర్చే ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) అప్పీలు విభాగం పడకేసింది. 2025 ఆగస్టు 27న మన సరుకుల మీద సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు ఆ గడప తొక్కినా ఆఖరి తీర్పు చెప్పే నాథుడు లేడు. మనమూ తక్కువ తినలేదు: చక్కెర సబ్సిడీల కేసు ఓడిపోయి, వినేవాళ్లే లేని ఆ విభాగానికే అప్పీలు చేసుకున్నాం.