స్క్రీన్‌ప్లే సాఫ్ట్‌వేర్: కొనే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్లు నన్ను కథ గురించి అడగడం తక్కువ. "ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు?" అన్నదే మొదటి ప్రశ్న. నేను స్క్రిప్టులు రాస్తాను. వేరేవాళ్లు రాసినవాటిని షూటింగ్ డ్రాఫ్టుగా, అంటే సెట్లో వాడే ప్రతిగా, తయారుచేసి ఇస్తాను కూడా. సాఫ్ట్‌వేర్ల అసలు గుణం ఈ రెండో పనిలోనే బయటపడుతుంది. రాసేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. రాసింది ఇంకొకరి చేతికి వెళ్లేటప్పుడు మొదలవుతుంది గొడవ.

అపోహ: ఫైనల్ డ్రాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాయకపోతే స్క్రిప్టు ఎవరూ ముట్టుకోరు.

చదివేవాళ్ల చేతికి వెళ్లేది పీడీఎఫ్. అది ఫేడ్ ఇన్‌లో తయారైందా, రైటర్ డ్యూయెట్‌లోనా, ఉచితంగా దొరికే ట్రెల్బీలోనా అని పేజీ చూసి చెప్పమంటే నావల్ల కాదు. అయితే ఫైనల్ డ్రాఫ్ట్ వాళ్ల ఎఫ్‌డీఎక్స్ ఫైలుకి ఒక ప్రత్యేకత ఉంది. లోపల అది ఎక్స్‌ఎంఎల్, అంటే మామూలు అక్షరాలే. అందుకే మిగతా సాఫ్ట్‌వేర్లు కూడా దాన్ని చదవగలవు, రాయగలవు. షెడ్యూలు వేసేవాళ్లు అడిగేది కూడా సాధారణంగా ఆ ఫైలునే. కాబట్టి మీరు చూసుకోవాల్సింది బ్రాండు పేరు కాదు, ఎఫ్‌డీఎక్స్‌గా ఎగుమతి అవుతుందా లేదా అన్నది.

ఒక మెలిక మాత్రం ఉంది. ఒకే డ్రాఫ్టు ఇద్దరి మధ్య రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో అటూ ఇటూ తిరిగితే సీన్లు, డైలాగులు క్షేమంగానే వస్తాయి. నోట్సు, సవరణ గుర్తులు, లాక్ చేసిన (నంబరు మారకుండా బిగించిన) పేజీలు మాత్రం దారిలో జారిపోవచ్చు. సహరచయిత ఉంటే ఇద్దరూ ఒకటే వాడండి, అది ఏదైనా సరే.

అపోహ: పేజీకి ఒక నిమిషం. సాఫ్ట్‌వేర్ 120 పేజీలంటే సినిమా రెండు గంటలే.

ఆ లెక్క వెనక కొన్ని కొలతలున్నాయి. కొరియర్ ఫాంటు, 12 పాయింట్లు, అంగుళానికి 10 అక్షరాలు, నిలువునా అంగుళానికి 6 వరసలు, అమెరికాలో వాడే లెటర్ సైజు కాగితం, బైండింగ్ కోసం ఎడమవైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ. వీటిలో ఏ ఒక్కటి కదిలినా లెక్క కదులుతుంది. ఏ4 కాగితం లెటర్ కంటే సుమారు 18 మిల్లీమీటర్లు పొడవు. అంటే పేజీకి నాలుగు వరసలు అదనంగా పడతాయి. ఒకసారి 118 పేజీల డ్రాఫ్టులో కాగితం సైజు మార్చి, ఆ సంగతి చెప్పకుండా పంపాను. సహరచయిత ఫోన్ చేసి, "ఎనిమిది పేజీలు ఏం కోసేశారు?" అని నిలదీశాడు. ఒక్క మాట కూడా కోయలేదని నమ్మించడానికి అరగంట పట్టింది.

పైగా కొలతలన్నీ సరిగ్గా ఉన్నా అది సగటు లెక్కే. "రెండు సైన్యాలు ఢీకొన్నాయి" అన్నది ఒక్క వరస. తెర మీద అది ఎంతసేపు సాగుతుందో దర్శకుడికే తెలియాలి. గబగబా మాటామాటా విసురుకునే సీను మూడు పేజీలున్నా రెండు నిమిషాల్లో అయిపోవచ్చు. వరసల మధ్య ఖాళీ బిగించి పేజీలు తగ్గించే సెట్టింగు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి. రోజూ స్క్రిప్టులు చదివే కంటికి అది ఇట్టే దొరికిపోతుంది.

అపోహ: వర్డ్‌లో రాయడం చేతకానివాళ్ల పని.

మొదటి డ్రాఫ్టుకి వర్డ్ చాలు. సీన్ హెడింగ్, యాక్షన్, పాత్ర పేరు, డైలాగ్, వీటికి నాలుగు స్టైల్స్ చేసి పెట్టుకుంటే పని నడుస్తుంది. డైలాగ్ పేజీ చివర విరిగినప్పుడు కింది పేజీలో పాత్ర పేరు మళ్లీ మీరే రాసుకోవాలి, అంతే.

తిప్పలు వచ్చేది షూటింగ్ డ్రాఫ్టు దగ్గర. అప్పటికి సీన్ నంబర్లు లాక్ అయి ఉంటాయి. షెడ్యూలు, కాస్ట్యూములు, ప్రాపర్టీల (సీన్లో వాడే వస్తువుల) జాబితా అన్నీ ఆ నంబర్ల మీదే నడుస్తుంటాయి. 12కీ 13కీ మధ్య కొత్త సీను వస్తే అది 12ఏ అవ్వాలి తప్ప 13 కదలకూడదు. 27వ సీను తీసేస్తే ఆ నంబరు ఎదురుగా "తొలగించబడింది" అని ఉండాలి, 28 పైకి ఎక్కకూడదు. మారిన పేజీలు మాత్రమే రంగు కాగితం మీద వెళ్తాయి. తెలుపు తర్వాత సాధారణంగా నీలం, గులాబీ, పసుపు, ఆకుపచ్చ వరుసలో. మారిన ప్రతి వరస పక్కన మార్జిన్‌లో నక్షత్రం గుర్తు (*). ఇదంతా నేనొకసారి వర్డ్‌లో చేత్తో చేశాను. 41వ సీను రెండుసార్లు వచ్చింది, 44 మాయమైంది. తెల్లారి సెట్లో అసిస్టెంట్ డైరెక్టర్ చూసిన చూపు ఇంకా గుర్తుంది. అక్కడిదాకా వెళ్లే స్క్రిప్టుకి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనడం దండగేమీ కాదు. మొదటి కథ ఇంకా 30వ పేజీలోనే ఉంటే అప్పుడే అవసరం లేదు.

అపోహ: కథ మలుపుల్ని కార్డులుగా పేర్చుకునే బీట్ బోర్డులు, ఇండెక్స్ కార్డులు ఉంటే స్ట్రక్చర్ దానంతటదే కుదురుతుంది.

కార్డులు కదపడం సరదాగా ఉంటుంది. రాస్తున్నామన్న భ్రమ కూడా కలుగుతుంది. ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

అపోహ: క్లౌడ్‌లో ఉంది కదా, భద్రం.

ఒక ఆన్‌లైన్ సర్వీసులో, పేరు అనవసరం, ఉచిత ప్లాన్‌లో 96 పేజీలు రాశాను. తర్వాత వాళ్ల నియమాలు మారాయి. స్క్రిప్టు కనిపిస్తుంది, దిద్దనివ్వదు. పీడీఎఫ్ వస్తుంది, ప్రతి పేజీ మీదా అడ్డంగా వాటర్‌మార్కు. చివరికి ఆ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని మొదటి నుంచి టైపు చేశాను. తప్పు నాదే. చేరేటప్పుడు బయటికి వచ్చే దారి చూసుకోలేదు.

అప్పటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్ అయినా మొదటిరోజే ఒక పేజీ రాసి, ఎగుమతి చేసి, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తాను. డ్రాఫ్టు నడుస్తున్నన్నాళ్లూ సాయంత్రం లేచే ముందు తారీఖు వేసి ఫౌంటెన్ కాపీ ఒకటి దాచుకుంటాను. ఫౌంటెన్ సాఫ్ట్‌వేర్ కాదు, 2012లో వచ్చిన ఒక రాత పద్ధతి. సినీ రచయిత జాన్ ఆగస్ట్, దర్శకుడు స్టూ మాష్విట్జ్ ప్రభృతులు రూపొందించారు. ఫైలు ఉత్త టెక్స్టు కాబట్టి నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది. దాన్ని తయారుచేసిన సాఫ్ట్‌వేర్ మూతపడ్డా మీ స్క్రిప్టుకి ఢోకా లేదు.

అపోహ: తెలుగు లిపిలో రాసేవాళ్లకి ఇవేవీ పనికిరావు.

పనికొస్తాయి, కొన్ని సర్దుబాట్లతో. ఫౌంటెన్‌నే తీసుకోండి. పాత్ర పేరుని అది ఇంగ్లిష్ పెద్ద అక్షరాలను బట్టి గుర్తుపడుతుంది. మన లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు కదా! అందుకని పేరు ముందు @ పెట్టాలి: @సత్యం. సీన్ హెడింగ్ ముందు ఒక చుక్క పెట్టాలి. మొదటి రెండ్రోజులు చిరాకే, తర్వాత వేళ్లకి అలవాటైపోతుంది.

కొరియర్‌లో తెలుగు అక్షరాలు లేవు. మీకు తెర మీద కనిపించేది కంప్యూటర్ వెతికి తెచ్చిన వేరే ఫాంటు. వత్తులూ గుడులూ పైనా కిందా చోటు అడుగుతాయి కాబట్టి పేజీకి నిమిషం లెక్క ఇక్కడ చెల్లదు. నేను సీను పైకి చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టుకుంటాను. ఇక యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన స్క్రిప్టు ఉంటే, సాఫ్ట్‌వేర్‌లోకి దించుకునే ముందు యూనికోడ్‌లోకి మార్చండి. లేకపోతే డైలాగుల చోట ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలు కనిపిస్తాయి.

పాత్ర పేర్ల విషయంలోనూ జాగ్రత్త. ఒకచోట సత్యం, ఇంకోచోట సత్యమ్ అని రాస్తే సాఫ్ట్‌వేర్‌కి వాళ్లు ఇద్దరు మనుషులు. ఎవరికెన్ని డైలాగులో జాబితా తీసినప్పుడు హీరో రెండు ముక్కలై కనిపిస్తాడు.

ట్రయల్ గడువు ఉండగానే ఒక చిన్న సీను రాసి, అందులో స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న అనే మాటలు వచ్చేట్టు చూడండి. పీడీఎఫ్ తీసి, ఫోన్‌లో తెరిచి, అవే మాటలు వెతకండి. వత్తు పక్కకి జారిపడినా, చదరపు డబ్బాలు కనిపించినా, వెతుకులాటలో మాట దొరక్కపోయినా వేరేది చూసుకోండి.