వేల్స్‌లో రగ్బీ లీగ్ అకాడమీలు: అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని. సౌత్ వేల్స్‌లో ఉంటాను. సాయంత్రాలూ వారాంతాలూ జూనియర్ రగ్బీ లీగ్ పిల్లలతో గడుస్తాయి. మోకాళ్ళు, మడమలు, భుజాలు చూస్తాను. ఎదుగుదల కొలతలు తీస్తాను. అకాడమీ ట్రయల్‌కి, అంటే క్లబ్ శిక్షణ జట్టు ఎంపికకి, వెళ్ళే కుర్రాడి ఒళ్ళు దానికి సిద్ధంగా ఉందో లేదో కోచ్‌కి చెప్తాను. ఈమధ్య కార్డిఫ్, న్యూపోర్ట్ వైపు తెలుగువాళ్ళ నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. "అన్నా, మావాడు స్కూల్లో రగ్బీ ఇరగదీస్తున్నాడట. ఎవరో అకాడమీ అంటున్నారు. పంపమంటారా, వద్దంటారా?" వెల్ష్ తల్లిదండ్రులు అడిగేదీ ఇంచుమించు ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లీగ్ అయినా యూనియన్ అయినా రగ్బీ రగ్బీయే.

కాదు. యూనియన్‌లో జట్టుకి 15 మంది, లీగ్‌లో 13. లీగ్‌లో ఆరు టాకిల్స్ (బంతి ఉన్నవాడిని పట్టి ఆపడం) అయ్యేలోపు ఏదో ఒకటి చేయాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకి ఇచ్చేయాలి. యూనియన్‌లోలా బంతి బయటికి పోతే రెండు జట్లూ వరసల్లో నిలబడి దానికోసం ఎగిరే లైనవుట్లు లేవు. ప్రతి టాకిల్ తర్వాత డిఫెన్స్ పది మీటర్లు వెనక్కి పరుగెత్తి, మళ్ళీ ముందుకు దూకాలి. ఆట మొత్తం ఇదే తంతు. అందుకే రెండు ఆటలూ శరీరాన్ని అడిగేవి వేరువేరు.

ఇవి విడిపోయింది 1895లో, ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో. శనివారం మ్యాచ్ ఆడితే ఆ రోజు కూలి పోతుంది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళకి ఆ నష్టం కట్టిస్తామని ఉత్తరాది క్లబ్బులు అన్నాయి, ఆటని నడిపే పెద్దలు ఒప్పుకోలేదు. వేల్స్ కథంతా ఆ డబ్బు గొడవ చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: వేల్స్ అంటే యూనియన్. లీగ్ అక్కడ పరాయి ఆట.

ఈ మాట అనే వాళ్ళకి నేను మొదట చెప్పేది అబర్‌డేర్ గురించి. 1908 జనవరి 1న ఈ ఆటలో రెండు దేశాల జట్ల మధ్య మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది ఈ వెల్ష్ ఊళ్ళోనే. వేల్స్ 9, న్యూజీలాండ్ 8.

ఆ తర్వాత పేర్లు చూడండి. జిమ్ సలివన్ కార్డిఫ్ కుర్రాడు. 1921లో, 17 ఏళ్ళకి ఉత్తర ఇంగ్లండ్‌లోని విగన్ క్లబ్ తీసుకుపోయింది. కెరీర్‌లో 2,867 గోల్స్ (బంతిని తన్ని గోల్ కొయ్యల మధ్య నుంచి పంపడం) కొట్టాడు. కార్డిఫ్ రేవు పక్కన టైగర్ బేలో పుట్టిన బిల్లీ బోస్టన్ 1953లో అదే విగన్‌కి వెళ్ళి, ఆ క్లబ్ తరఫున 478 ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం) చేశాడు. 2025లో సర్ బిరుదు వచ్చింది. రగ్బీ లీగ్ ఆటగాళ్ళలో అది అందుకున్న మొదటివాడు ఆయనే. 1972లో గ్రేట్ బ్రిటన్‌కి ప్రపంచ కప్ తెచ్చిన కెప్టెన్ క్లైవ్ సలివన్‌దీ కార్డిఫే. బోస్టన్, క్లైవ్ సలివన్, గస్ రిస్మన్ ముగ్గురి విగ్రహం 2023 నుంచి కార్డిఫ్ బేలో ఉంది. అటు వెళ్తే పిల్లలకి తప్పకుండా చూపించండి.

వీళ్ళు ఎందుకు వెళ్ళారు? డబ్బు ఒక కారణం. బోస్టన్, క్లైవ్ సలివన్ లాంటి నల్లజాతి కుర్రాళ్ళకి ఇంటి దగ్గర యూనియన్‌లో తలుపులు తెరుచుకోకపోవడం ఇంకో కారణం. ఒకసారి వెళ్ళాక తిరిగి రావడం ఉండేది కాదు. లీగ్‌లో డబ్బు తీసుకున్నవాడికి యూనియన్‌లో జీవితకాల నిషేధం. 1995లో యూనియన్ కూడా ప్రొఫెషనల్ అయ్యేదాకా అదే నడిచింది.

దీని ఫలితాన్ని నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళతోపాటు ఆట తెలిసిన కోచ్‌లూ, టీచర్లూ, రిఫరీలూ కావాల్సినవాళ్ళు కూడా ఉత్తర ఇంగ్లండ్‌లోనే స్థిరపడ్డారు. వేల్స్‌కి ప్రతిభ కొరత ఎప్పుడూ లేదు. పదేళ్ళ పిల్లవాడిని ఇరవై ఏళ్ళదాకా చేయి పట్టుకుని నడిపించే మెట్లే లేవు.

అపోహ: ఎవడు పైకొస్తాడో 14 ఏళ్ళకే తెలిసిపోతుంది.

నా పనిలో నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇది. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో స్కూలు సంవత్సరం సెప్టెంబర్ 1తో మొదలవుతుంది. పిల్లల జట్లూ ఆ లెక్కనే కడతారు. అంటే సెప్టెంబర్ మొదటి వారంలో పుట్టినవాడూ, మరుసటి ఆగస్టు చివర్లో పుట్టినవాడూ ఒకే అండర్-14లో ఉంటారు. మధ్యలో దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాది అంటే మామూలు సంగతి కాదు.

దీనికితోడు ఎదుగుదల గడియారం ఒక్కొక్కరికి ఒక్కోలా నడుస్తుంది. మగపిల్లలు సగటున 14 ఏళ్ళ దగ్గర వేగంగా పొడుగవుతారు. కొందరికి అది 12లోనే మొదలవుతుంది, కొందరికి 15 దాటాక. ఆడపిల్లలకి సుమారు రెండేళ్ళు ముందు. సెప్టెంబర్‌లో పుట్టి, ముందే ఎదిగిన కుర్రాడు ట్రయల్‌కి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎదురొచ్చినవాళ్ళని గుద్దుకుంటూ పోతాడు, నాలుగు ట్రైలు చేస్తాడు. పక్కన నిలబడ్డవాళ్ళంతా "వీడే" అంటారు. ఆగస్టులో పుట్టి ఇంకా గొంతు మారని కుర్రాడు బంతిని సరిగ్గా, సరైన సమయానికి అందించినా ఎవరి కంటా పడదు.

లీడ్స్‌లోని పరిశోధకులు ఇంగ్లండ్ రగ్బీ లీగ్ పిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఎంపిక స్థాయి పెరిగేకొద్దీ, ఆ స్కూలు ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళ వాటా పెరగడం వాళ్ళు చూపించారు. ఆలస్యంగా ఎదిగినవాళ్ళు తర్వాతి ఏళ్ళలో శారీరకంగా అందుకోవడం కూడా కనిపించింది.

అందుకే నేను టేపు పట్టుకుని తిరుగుతుంటాను. నిలబడి ఎత్తు, కూర్చుని ఎత్తు, బరువు, పుట్టిన తేదీ ఉంటే కుర్రాడు తన ఎదుగుదల శిఖరానికి ముందున్నాడా, దాటాడా అన్నది స్థూలంగా అంచనా వేయొచ్చు. ఖచ్చితమైన లెక్క కాదు, కానీ కోచ్ కళ్ళకి అడ్డుపడే పొగమంచు కొంత తొలగుతుంది. కొన్ని సెషన్లలో పుట్టిన ఏడాదిని పక్కనపెట్టి ఎదుగుదల బట్టి జట్లు కట్టి ఆడిస్తారు. అప్పుడు ఇందాకటి 'వీడే' కుర్రాడికి మొదటిసారి తనంత ఒళ్ళున్నవాడు ఎదురవుతాడు. బలంతో నెట్టుకుపోవడం కుదరదు, పాస్ చేయడం నేర్చుకోవాలి. ఇది వాడికీ మేలే.

క్లైవ్ సలివన్ సంగతి ఇక్కడ చెప్పాలి. టీనేజీలో ఆయన కాళ్ళకీ మోకాళ్ళకీ ఆపరేషన్లు జరిగాయి. మామూలుగా నడవడమే కష్టమన్నారు. తర్వాత సైన్యంలో చేరాడు, అక్కడ మళ్ళీ రగ్బీ పట్టుకున్నాడు. బ్రాడ్‌ఫర్డ్‌లో ట్రయల్ ఇస్తే వద్దన్నారు. 1961లో హల్ క్లబ్ తీసుకుంది. ఇప్పుడు హల్ నగరంలో ఒక పెద్ద రోడ్డుకి ఆయన పేరు. ఈ రోజుల్లో అండర్-14 ట్రయల్ అయితే నాలాంటి ఫిజియో ఫారం మీద ఒక టిక్కు పెట్టి ఇంటికి పంపేసేవాడేమో.

అపోహ: బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుంది.

మన ఇళ్ళలో బాగా వినిపిస్తుంది, వెల్ష్ అమ్మమ్మలు కూడా అంటారు. తెలిసినవాళ్ళ పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో చేస్తే ఎదుగుదల ఆగుతుందనడానికి ఆధారం లేదు. పైగా గాయాలు తగ్గుతాయి. యూట్యూబ్ చూసి ఒంటరిగా, ఫ్రెండ్‌తో పందెం కట్టి ఎత్తడం వేరే విషయం.

ప్రొటీన్ డబ్బాల జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకండి. ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే, అది ఆ డబ్బాలోంచి వచ్చినా సరే, బాధ్యత ఆటగాడిదే అన్నది డోపింగ్ నియమం. శాకాహారులైతే పాలు, పెరుగు, పనీర్, శనగలు పెంచండి. పప్పు ఒక్కటే సరిపోదు, మనం వండే పప్పులో నీళ్ళే ఎక్కువ.

అపోహ: రెండు ఆటలూ ఆడితే ఏదీ రాదు, ఒక్కటే ఎంచుకోవాలి.

1996లో పై స్థాయి ప్రొఫెషనల్ లీగ్ పోటీ సూపర్ లీగ్ పేరుతో వేసవికి మారింది. వేల్స్‌లో స్థానిక లీగ్ ఆటా వేసవిలోనే నడుస్తుంది. చలికాలం యూనియన్, వేసవి లీగ్. టోర్‌వైన్ టైగర్స్, వ్యాలీ కూగర్స్ లాంటి స్థానిక క్లబ్బుల పిల్లల్లో చాలామంది అలాగే ఆడతారు. టాకిల్ చేయడం, బంతి పట్టి పరుగెత్తడం, ఖాళీ వెతకడం రెండింటికీ పనికొస్తాయి. 15 ఏళ్ళలోపు పిల్లవాడిని ఒక్క ఆటకే కట్టేయమని నేను ఎవరికీ చెప్పను.

సమస్య ఎక్కడంటే, రెండు సీజన్లు కలిసే వారాల్లో. స్కూల్ కోచ్, క్లబ్ కోచ్, అకాడమీ కోచ్ ముగ్గురూ తమ సెషన్‌ ఒక్కటే లెక్కపెట్టుకుంటారు. మూడూ కలిపి లెక్కపెట్టేవాడు ఉండడు. అప్పుడే నా దగ్గరికి మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బినవాళ్ళు, మడమ నొప్పితో మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు వరస కడతారు. మొదటిదాన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటాం, రెండోది సీవర్స్. ఎముక వేగంగా ఎదిగే రోజుల్లో, కండరం లాగే చోట వచ్చే నొప్పి ఇది. సాధారణంగా ఆట పూర్తిగా మానక్కర్లేదు, తగ్గించాలి. వారానికి ఎన్ని సెషన్లో ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఏడాదిలో కొన్ని వారాలు ఏ రగ్బీ లేకుండా ఉండాలి.

అపోహ: తలకి దెబ్బ తగిలినా, తిరుగుడు తగ్గితే వచ్చే శనివారం ఆడొచ్చు.

ఆడకూడదు. బ్రిటన్‌లో స్థానిక స్థాయి ఆటలన్నిటికీ 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అనుమానం ఉంటే వెంటనే బయటికి. మ్యాచ్‌కి కనీసం 21 రోజుల తర్వాతే. ఒళ్ళు తగిలే ట్రైనింగ్‌కైనా ముందు 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. ఆదివారం ట్రయల్ ఉంది సార్ అన్నా సరే.

అపోహ: ఒక పెద్ద క్లబ్ పెడితే ఆటగాళ్ళు వాళ్ళే వస్తారు. లేదంటే వెల్ష్ మూలాలున్న ఇంగ్లండ్ ఆటగాళ్ళు ఉన్నారుగా.

మొదటిది చేసి చూశారు. బ్రిడ్జెండ్‌లో పుట్టిన కెల్టిక్ క్రూసేడర్స్ 2009లో సూపర్ లీగ్‌కి చేరింది. 2010లో రెక్సమ్‌కి మారింది, 2011తో కథ ముగిసింది. దక్షిణాన దాని తర్వాత వచ్చిన చిన్న క్లబ్ సౌత్ వేల్స్ స్కార్పియన్స్. అది ఐరన్‌మెన్ అయింది, చివరికి లానెల్లికి చేరి వెస్ట్ వేల్స్ రైడర్స్ అయింది. 2018లో యార్క్ చేతిలో 144-0 తో ఓడింది. 2022 సీజన్ తర్వాత తప్పుకుంది. ఆ స్కోరు చూసి నవ్వేవాళ్ళతో నేను కలవను. కింద మెట్లు లేకుండా పై అంతస్తులో నిలబెడితే ఎవరైనా పడతారు.

అలాగని క్రూసేడర్స్ వృథా కూడా కాదు. కుమ్‌బ్రాన్ కుర్రాడు బెన్ ఫ్లవర్, కార్డిఫ్ కుర్రాడు గిల్ డడ్సన్ అక్కడ ఆడే 2012లో విగన్‌కి వెళ్ళారు. విగన్ 2013లో సూపర్ లీగ్ గ్రాండ్ ఫైనల్ గెలిచినప్పుడు ఫ్లవర్ ఆ జట్టులో ఉన్నాడు. ఇంటి దగ్గర రోజూ ట్రైనింగ్ చేసే చోటు ఒకటి కొన్నేళ్ళున్నా ఇలాంటివాళ్ళు తయారవుతారు. అది మూతపడితే, కింద 13 ఏళ్ళ వయసులో ఉన్నవాళ్ళకి ఎదురుగా ఏమీ కనిపించదు.

ఇక మూలాల సంగతి. తల్లిదండ్రులో, తాతలో, అమ్మమ్మా నానమ్మలో వేల్స్‌వాళ్ళైతే వేల్స్‌కి ఆడొచ్చు. అందులో తప్పు లేదు, వాళ్ళూ మనసుపెట్టే ఆడతారు. కానీ బారోలో పుట్టిన మోర్గన్ నోల్స్ వేల్స్‌కి ఆడి, తర్వాత ఇంగ్లండ్‌కి వెళ్ళాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన టైసన్ ఫ్రిజెల్ వేల్స్‌కి ఆడి, తర్వాత ఆస్ట్రేలియాకి ఆడాడు. నియమాలు ఒప్పుకుంటాయి, వాళ్ళని తప్పుపట్టలేం. దాని మీదే ఆధారపడి జట్టు కట్టుకోకూడదని మాత్రం అనగలను.

అపోహ: అకాడమీలో తీసుకున్నారంటే ప్రొఫెషనల్ అయిపోయినట్టే.

సూపర్ లీగ్ క్లబ్బుల్లో మెట్లు ఇలా ఉంటాయి. 15, 16 ఏళ్ళవాళ్ళకి స్కాలర్‌షిప్ స్క్వాడ్. పేరు చూసి ఫీజు కడతారని అనుకోకండి, అది ఒక ట్రైనింగ్ జట్టు. ఆపైన అకాడమీ, తర్వాత రిజర్వ్స్, ఆ పైన సీనియర్ జట్టు. ప్రతి మెట్టు దగ్గరా కొంతమందిని వదిలేస్తారు. చివరిదాకా చేరేది కొద్దిమందే. పోర్ట్ టాల్బట్ కుర్రాడు రీగన్ గ్రేస్ విగన్ దగ్గర్లోని సెయింట్ హెలెన్స్ క్లబ్ అకాడమీలో ఎదిగి, 2017లో సీనియర్ జట్టులోకి వచ్చి, వింగ్ మీద అందరినీ లేపి నిలబెట్టాడు. దారి ఉందనడానికి అతను రుజువు. అతని పేరు చెప్పి మీ అబ్బాయికీ ఖాయమని ఎవరైనా అంటే, లేచి వచ్చేయండి.

దక్షిణ వేల్స్ పిల్లలకి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి దూరం. కార్డిఫ్ నుంచి విగన్ ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడంత. వారం మధ్యలో రెండు రాత్రులు వెళ్ళి వచ్చే దూరం కాదు. ఉత్తర వేల్స్‌లో రెక్సమ్ కుర్రాడు సెయింట్ హెలెన్స్‌కి కారులో గంటలో పోతాడు. ఇద్దరికీ ఒకే ప్రతిభ ఉంటే ఎవరికి అవకాశం ఎక్కువో చెప్పక్కర్లేదు. అందుకే దక్షిణాన చాలామందికి అసలు నిర్ణయం 16 ఏళ్ళకి, జీసీఎస్‌ఈ పరీక్షలయ్యాక (మన పదో తరగతి లాంటివి) వస్తుంది. ఇల్లు వదిలి వెళ్ళాలా, కాలేజీ ఇక్కడా అక్కడా? ఇంటి మీద బెంగతో ఆర్నెల్లకే తిరిగొచ్చినవాళ్ళని చూశాను. వాళ్ళకి ఆట రాక కాదు.

సంతకం పెట్టే ముందు క్లబ్‌ని ఇవి అడగండి. పిల్లవాడు ఎవరి ఇంట్లో ఉంటాడు, వాళ్ళకి పోలీసు తనిఖీ జరిగిందా? ఏ కాలేజీ, ఏ కోర్సు, మ్యాచ్ రోజు క్లాసు పోతే ఎవరు చూసుకుంటారు? గాయమై సీజన్ మొత్తం పోతే ఒప్పందం ఏమవుతుంది? వదిలేసే పక్షంలో ఎన్ని నెలల ముందు చెప్తారు? గత మూడేళ్ళలో వదిలేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు? ఆఖరి ప్రశ్నకి పేర్లతో సహా జవాబు చెప్పగలిగిన క్లబ్ అయితే పంపొచ్చు. వెళ్ళే ముందు ఊళ్ళోని పాత క్లబ్ కోచ్‌కి చెప్పి వెళ్ళమనండి. తిరిగొస్తే మళ్ళీ ఆడించాల్సింది ఆయనే.