శ్లాబు మీద సున్నం

ఏప్రిల్ వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం మేడల మీద ఒకటే పని. బకెట్లో సున్నం, అందులో కాస్త ఫెవికాల్, మెట్ల గది దగ్గర మొదలుపెట్టి పిట్టగోడ దాకా తెల్లగా పూసుకుంటూ రావడం. ఎండ కొంత వెనక్కి పోతుంది, కింద గది కాస్త తెరిపిన పడుతుంది. పర్యావరణహిత ఇల్లన్న మాట మన వైపు సామాన్యుడి గడప తొక్కింది ఈ సున్నం బకెట్టుతోనే. అసలు ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే చుట్టిల్లు దగ్గరికి వెళ్లాలి.

గుండ్రటి మట్టిగోడ, తాటి వాసాలు, పైన తాటాకో గడ్డో. చూరు ఎంత కిందికి దిగేదంటే నడుం వంచకుండా లోపలికి పోలేం. తుఫాను గాలికి పట్టు దొరికే మూలే లేదు, చుట్టూ తిరిగి జారిపోయేది. గోడ మందం వల్ల మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి పొద్దు వాలేది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో తీరు వేరు: వీధి పొడవునా గోడకు గోడ ఆనించిన పెంకుటిళ్లు, ముందు అరుగు, వెనక పెరడు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు ఫ్యాక్టరీలో చేయడం మొదలుపెట్టిన పెంకు తర్వాత్తర్వాత ఇక్కడి నాటు పెంకునీ పక్కకు నెట్టింది.

ఇవన్నీ మనవాళ్లు తెలివితక్కువై వదులుకోలేదు. తాటాకింటికి నిప్పు భయం, పొయ్యి రవ్వ ఒక్కటి చాలు. కొన్నేళ్లకోసారి కప్పు మార్చాలి. పండగొస్తే గోడలు ఎర్రమట్టితో, నేల పేడతో అలకాలి, అదీ ఆడవాళ్లే. పాత ఇళ్ల చల్లదనాన్ని తలుచుకుని మురిసేది ఎక్కువగా మగవాళ్లే కావడం ఊరికే కాదనుకుంటాను.

1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాక పేదవాడి కలకి పక్కా ఇల్లని పేరు పడింది. పక్కా అంటే సిమెంటే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చినప్పుడు, రేకులెగిరిన ఇళ్లవాళ్లకి శ్లాబు విలువ ఇంకా బాగా తెలిసింది. తుఫానుకు తట్టుకున్న ఆ నాలుగైదంగుళాల కాంక్రీటే మేలో పగలంతా ఎండ తాగి రాత్రంతా గదిలోకి కక్కుతుంది. కరెంటు పోతే మేడ మీదే పడక.

ఇక నిబంధనల సంగతి. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల్లో, కట్టడాల్లో ఆ కేంద్రాల బొగ్గు బూడిద వాడాలని కేంద్ర ప్రభుత్వం 1999లో చెప్పింది. అప్పట్లో 50 కిలోమీటర్ల పరిధి, 2016కి 300 కిలోమీటర్లయింది. పరవాడ సింహాద్రి కేంద్రాన్నుంచి కొలిస్తే మన ఊళ్లూ అందులోవే. ఇంట్లో వేడి తగ్గించే నియమాలతో 2018లోనే ఎకో నివాస్ సంహిత వచ్చింది. అప్పట్లో అది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకి. 2020లో ఊళ్లలో పేదలకి పంచిన స్థలం సెంటున్నర, 72 గజాలు. అందులో ఇల్లు కట్టాక వేపచెట్టుకి కూడా చోటుండదు.

హిరమండలం మండలంలో కృష్ణభక్తులుండే కూర్మ గ్రామంలో సిమెంటు మానేసి సున్నంతో ఇళ్లు కట్టుకున్నారు, కరెంటూ పెట్టుకోలేదు. చూసొచ్చినవాళ్లు ఫొటోలు చూపిస్తూ అంత చల్లగా ఎలా ఉందా అని ఆశ్చర్యపోతారు. సొంతింటికి ముగ్గు పోసే రోజున మాత్రం మేస్త్రిని అడిగేది శ్లాబుకి ఎన్ని బస్తాలు పడతాయనే.